మెడ తిప్పని డ్రైవరమ్మ

పదహారేళ్ళు అంబులెన్సు నడిపిన మనిషికి బండి నడపడం రాదని చీటీ రాసిచ్చారు. ఒకసారి కాదు, రెండుసార్లు. ఆ రెండో చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని, డ్రైవరమ్మ లైసెన్సు ఆఫీసులో నాలుగో కిటికీ ముందు నిలబడింది.

డ్రైవరమ్మ అన్నది సొంత ఊళ్ళో ఆసుపత్రివాళ్ళు పెట్టిన పేరు. ఈ పరాయి దేశం వచ్చాక ఆమెను అలా పిలిచేది భర్త ఒక్కడే, అదీ ఏడిపించాలనిపించినప్పుడు.

ఆమె వచ్చి పదిన్నర నెలలు దాటింది. లేవలేని పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి సేవ చేసే ఉద్యోగం. ఆఫీసువాళ్ళు ఇచ్చిన బుల్లి కారులో రోజూ ఆరిళ్ళు తిరగాలి. ఒక ఇంట్లో స్నానం చేయించాలి, ఒక ఇంట్లో పుండుకు కట్టు మార్చాలి, ఒక ఇంట్లో మందులు మింగించి కాసేపు కబుర్లు చెప్పాలి. ఆ వీధుల్లోకి బస్సులు రావు. సొంత దేశపు లైసెన్సు ఏడాదిపాటు చెల్లుతుందన్నారు. వీసా కూడా ఏడాదికే ఇచ్చారు. వీసా పొడిగించాలంటే పనిచేసే ఆఫీసు ఉత్తరం ఇవ్వాలి. ఈ దేశపు లైసెన్సు చేతికి రాకుండా ఆఫీసు ఉత్తరం ఇవ్వదు. ఉత్తరం లేకపోతే ఆమె, ఆమె భర్త, బళ్ళో ఐదో తరగతి చదువుతున్న కూతురు, ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాల్సిందే.

“మళ్ళీ పరీక్షకు తేదీ ఇవ్వండమ్మా,” అంది.

కిటికీ వెనక కళ్ళద్దాల అమ్మాయి పాస్‌పోర్టు తిరగేసింది. “మీ వీసా ఇంకా నలభై ఒక్క రోజులే ఉందండీ. పరీక్ష నాటికి కనీసం ముప్పై రోజులు మిగిలి ఉండాలి. పొడిగించుకున్నాక రండి.”

“పొడిగించాలంటే లైసెన్సు కావాలంటున్నారు.”

“లైసెన్సు కావాలంటే వీసా ఉండాలి కదండీ.”

“వీసా ఉండాలంటే లైసెన్సు…”

ఇద్దరూ ఒక్కసారే ఆగిపోయారు. వెనక వరసలో ఎవరో గట్టిగా దగ్గారు. డ్రైవరమ్మకు తల గిర్రున తిరిగింది. తను చెప్పేది తప్పా, ఆ పిల్ల చెప్పేది తప్పా అని ఎంత ఆలోచించినా, ఇద్దరి మాటా సరిగ్గానే ఉన్నట్టు తోచింది. అందుకే భయం వేసింది ఆమెకు. తప్పు ఎక్కడో ఒకచోట ఉంటే దిద్దుకోవచ్చు. ఎక్కడా తప్పు లేనిదాన్ని ఎలా దిద్దడం?

ఆ అమ్మాయి మాత్రం పొమ్మనలేదు. బల్లమీది క్యాలెండరు దగ్గరకు లాక్కుని, పెన్సిలుతో ఒక్కొక్క గడినీ తట్టుకుంటూ లెక్కపెట్టింది. “ఇంకా పదకొండు రోజుల సందుంది. ఆలోగా ఖాళీ దొరికితే…” అంటూ కంప్యూటరులో వెతికింది. ఖాళీ లేదు. మళ్ళీ వెతికింది. వరసలో దగ్గిన పెద్దమనిషి ఇంకోసారి దగ్గాడు. “మీక్కూడా ఇలాగే చూసిపెడతానండీ, ఒక్క నిమిషం,” అని అతనికి నవ్వుతూ చెప్పి, మూడోసారి వెతికింది. “ఎవరో మానుకున్నారు! తొమ్మిదో రోజు, పొద్దున పదింపావుకి. రాసెయ్యమంటారా?”

“రాసెయ్యమ్మా. నీ కడుపు చల్లగా ఉండాలి.”

“ఇంకో సంగతండీ,” అందా అమ్మాయి గొంతు తగ్గించి. “దీని తర్వాత మరో తేదీ దొరకదు.”

డ్రైవరమ్మ తలూపింది. బయటకు వచ్చి మెట్లమీద కూర్చుని చీటీ మడతలు విప్పింది. అద్దాలు చూడలేదు: పద్నాలుగు సార్లు. పక్కకు చూడలేదు: తొమ్మిది సార్లు. చెయ్యి ఊపి ఇతరులను దాటమన్నారు: ఒకసారి.

ఇదే అంతుబట్టడం లేదు ఆమెకు. చూడకపోవడం ఏమిటి? అన్నీ చూసింది. వెనక వచ్చిన పచ్చ వ్యానుకు ఎడమ దీపం వెలగకపోవడం చూసింది. మేడమీద ఆరేసిన దుప్పటి జారి రోడ్డు మీద పడబోవడం చూసింది. కావాలంటే ఆ దారంతా ఇప్పుడు కళ్ళకు కట్టినట్టు చెప్పగలదు. చంటిపిల్ల బండితో రోడ్డు పక్కన నిలబడ్డ తల్లిని చూసి, బండి ఆపి, పాపం వెళ్ళనీ అని చెయ్యి ఊపింది. దానికీ ఒక తప్పు వేశాడు ఆ పరీక్షాధికారి. మొదటిసారి తప్పినప్పుడు, తను తొందరపడ్డానేమో అనుకుంది. రెండోసారి మరింత నిదానంగా, మరింత ఒద్దికగా నడిపింది. మొదటిసారి పదకొండు తప్పులైతే రెండోసారి ఇరవై నాలుగయ్యాయి. ఒద్దిక పెరిగేకొద్దీ తప్పులు పెరగడం ఎక్కడైనా ఉందా!

ఆమె బండి నడిపే తీరే వేరు. మొదట్లో అంబులెన్సు నేర్పిన పెద్ద డ్రైవరు ఆమెకు ఒకటే పాఠం చెప్పాడు. “వెనక పడుకున్న మనిషికి రోడ్డు తెలియకూడదు. నీ తల ఊగితే భుజం ఊగుతుంది, భుజం ఊగితే చక్రం ఊగుతుంది.” అందుకని ఆమె మెడను స్తంభంలా నిలిపి, కనుపాపలు మాత్రం తిప్పేది. ఎడమ అద్దం, కుడి అద్దం, పైన అద్దం, అన్నీ రెప్పపాటులో చుట్టి వచ్చేవి ఆ కళ్ళు. ఎంత గతుకుల రోడ్డైనా లోపల వేలాడే సెలైను సీసా అల్లాడేది కాదు. నొప్పులు పడుతున్న ఆడవాళ్ళు ఆమె బండి ఎక్కి కునుకు తీసిన రోజులున్నాయి. “ఈమె నడిపితే దేవుడు అరచేతిలో పెట్టుకుని తీసుకెళ్ళినట్టుంటుంది,” అనేది అక్కడి నర్సు. తరవాత ఆ ఆసుపత్రి మూతపడింది, బండి పోయింది, ఆమె ఇక్కడికి వచ్చింది. కానీ ఆ మెడ మాత్రం అలాగే వచ్చింది.

ఇంటికి వెళ్ళి చీటీ భర్త ముందు పెట్టింది. ఆయన దర్జీ. ఇక్కడ ఒక ఇస్త్రీ దుకాణంలో ప్యాంట్లు కత్తిరించడం, జిప్పులు మార్చడం చేస్తాడు. చీటీని గుడ్డ నాణ్యం చూసినట్టు వెలుతురుకేసి పట్టుకుని చదివాడు.

“ఇందులో బోధపడకపోవడానికేముందే? నువ్వు చూస్తున్నావు. చూస్తున్నట్టు కనబడ్డం లేదు. అంతే.”

“కనబడకపోవడమేంటండీ? పక్కనే కూర్చున్నాడుగా మనిషి!”

“పక్కన కూర్చున్నవాడికి నీ కనుపాప కనబడుతుందా? నాకే ఎప్పుడూ కనబడలేదు, పెళ్ళయి పద్నాలుగేళ్ళయింది.”

కూతురు పకపకా నవ్వింది. “అవునమ్మా, నువ్వు కార్లో ఫొటో దిగుతున్నట్టు కూర్చుంటావు.”

“నువ్వు నోరు మూసుకుని లెక్కలు చేసుకో.”

“అయిపోయాయి. నేను ఆఫీసరునవుతా, నాన్నా నువ్వు వెనక బండివి కా.”

వంటింట్లో రెండు కుర్చీలు పక్కపక్కన వేశారు. డ్రైవరమ్మ చేతికి స్టీరింగు బదులు గంజి వార్చే గుండ్రటి సిబ్బిరేకు ఇచ్చారు. ఆఫీసరు పెన్సిలు చెవిలో దోపుకుని కూర్చుంది. దర్జీ వెనక నిలబడి నోటితో లారీ చప్పుడు చేశాడు.

“తిప్పమ్మా, మెడ తిప్పు! అదిగో, మళ్ళీ కళ్ళే తిప్పావు. ఒక తప్పు.”

“చూశాను కదే, మీ నాన్న పొయ్యి దగ్గర నిలబడ్డాడు.”

“నాకు కనబళ్ళేదు. రెండు తప్పులు.”

ఆమె సిబ్బిరేకు ఒళ్ళో పెట్టేసుకుంది. “ఏవండీ, ఒక్క మాట. చూసేశాక మళ్ళీ చూస్తున్నట్టు మెడ తిప్పడం… అది నటన కాదూ? అబద్ధం కాదూ?”

“అబద్ధాలు నోటితో చెప్తారు. మెడతో చెప్పినవి దేవుడు పట్టించుకోడులే.”

“మీతో చెప్పాడా?”

“చెప్పలేదు. చెప్పనంతవరకు మనకి అనుకూలంగా అనుకోవడమే.”

ఆమె నవ్వలేదు. ఫ్రిజ్ పైన గూట్లో ఉన్న దేవుడి పటం వైపు చూసింది, మెడ తిప్పకుండానే. పొద్దున్నే ఆ పటం ముందు నిలబడి, ఈ ఒక్క గండం దాటించమని అడిగిన నోటితో, నటిస్తాను పాస్ చేయించమని ఎలా అడగడం?

ఆ ఆదివారం మార్కెట్టు వెనక ఖాళీ జాగాలో కారు దింపి, దర్జీని పక్కన కూర్చోబెట్టుకుని సాధన చేసింది. అక్కడ కొత్త చిక్కు వచ్చిపడింది. మెడ ఎడమకు తిప్పితే బండి ఎడమకు పోతోంది. కుడికి తిప్పితే కుడికి పోతోంది. ఇన్నేళ్ళుగా ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉన్న తలా చేతులూ విడివిడిగా కదలమంటే కదలడం లేదు. నాలుగో చుట్టులో చెత్తడబ్బాను గుద్దబోయి, ఎగిరిపడేలా బ్రేకు వేసింది. దర్జీ రెండు చేతులతో డాష్‌బోర్డు పట్టుకున్నాడు.

“ఇదివరకు నడపడం వచ్చి కాగితం లేదు. ఇప్పుడు కాగితమూ లేదు, నడపడమూ పోయింది,” అన్నాడు చేతులు తియ్యకుండానే.

ఆమెకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆయన గొంతు మార్చి, “ఊరికే అన్నానే పిచ్చిదానా,” అని తన రుమాలు ఇచ్చాడు. ఆ రుమాలు అంచుకు ఆమె పేరులోని మొదటి అక్షరం కుట్టి ఉంది. ఎప్పుడు కుట్టాడో ఆమెకు తెలియదు.

పాత పద్ధతి వదలాలా, కొత్తది పట్టుకోవాలా? పాతదానితో తప్పడం ఖాయం. కొత్తదానితో ఎవరినైనా గుద్దడం ఖాయం. ఎటూ పాలుపోక, మర్నాడు తన ఆరిళ్ళలో మూడో ఇంట్లో, మంచం మీద ఉన్న పంతులమ్మగారి దగ్గర మనసు విప్పింది. ఎనభై రెండేళ్ళ ఆవిడ. నలభై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పింది. ఇప్పుడు నడుము కింద చచ్చుబడింది గాని నాలుకకు ఏమీ కాలేదు.

“నా క్లాసులో ఒక పిల్లాడుండేవాడమ్మాయ్. జవాబు ఠక్కున రాసేవాడు. మధ్య మెట్లు రాసేవాడు కాదు. సగం మార్కులే వేసేదాన్ని.”

“ఎందుకండీ? జవాబు రైటే కదా?”

“రైటే. కాని చూసి రాశాడో, చేసి రాశాడో నాకెలా తెలుస్తుంది?”

“వాడు చేసే రాశాడేమోనండీ.”

పంతులమ్మగారు ఆలోచనలో పడింది. “చేసే రాశాడనుకుంటా,” అంది కాసేపటికి, కిటికీకేసి చూస్తూ. “నలభై ఏళ్ళ తర్వాత అడిగావు. ఇప్పుడు మార్కులు ఎక్కడని వెయ్యను?”

ఇద్దరూ నవ్వుకున్నారు గాని డ్రైవరమ్మ గందరగోళం అలాగే ఉండిపోయింది. మెట్లు రాయడం పంతులమ్మగారి తృప్తికోసం. మెడ తిప్పడం ఆఫీసరు తృప్తికోసం. మధ్యలో రోడ్డుకు ఒరిగేదేమిటి?

పంతులమ్మగారి మందుబిళ్ళలు అయిపోవచ్చాయి. మందుల దుకాణం ఎదురుగానే ఉంది కదా అని కారు అక్కడే వదిలి నడిచి బయలుదేరింది. వీధి మలుపులో రోడ్డు దాటాలి. ఒక నల్ల కారు నెమ్మదిగా వస్తోంది. ఆమె ఒక అడుగు వేసి ఆగింది. డ్రైవరు కదలకుండా ముందుకే సూటిగా చూస్తూ కూర్చుని ఉన్నాడు. తనను చూశాడా, చూడలేదా? కారు ఇంకా నెమ్మదించింది. ఆపుతున్నాడా? మలుపు తిరగబోతున్నాడా? ఆమె వేసిన అడుగు వెనక్కు తీసుకుంది. కారు ఆగింది. ఆమె కదిలింది. కారూ కదిలింది. ఆమె చటుక్కున కాలిబాట గట్టు ఎక్కేసింది. కారు వెళ్ళిపోయింది. వెళ్తున్నప్పుడు పక్కనుంచి చూస్తే, అతని కళ్ళు చురుగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాయి. అన్నీ చూస్తూనే ఉన్నాడు. మంచి డ్రైవరే. తనలాంటి డ్రైవరే.

వెనకే కూరగాయల ట్రక్కు ఒకటి వచ్చింది. నడిపే ఆమె నడివయసు మనిషి, జుట్టు ముడి వేసుకుంది. ట్రక్కు ఆపి, ముఖం మొత్తం డ్రైవరమ్మ వైపు తిప్పి నిండుగా చూసింది. చెయ్యి ఊపలేదు, నవ్వలేదు. చూసింది, అంతే. ఆ చూపుతో డ్రైవరమ్మ కాళ్ళకు ధైర్యం వచ్చింది. దాటేసింది.

అవతలి గట్టు మీద నిలబడిపోయింది. మందుల సంగతే మరిచిపోయింది.

అంబులెన్సుకు సైరన్ ఉండేది. పదహారేళ్ళూ ఆమె తరఫున ఆ సైరనే మాట్లాడింది. జనం దాన్ని విని తప్పుకునేవారు. నిన్ను చూశాను, భయపడకు అని ఎవరికీ ఆమె చెప్పాల్సిన అవసరం రాలేదు. ఈ బుల్లి కారుకు సైరన్ లేదు. రోడ్డు పక్కన నిలబడ్డ ముసలాయనకు ఆమె కనుపాపలు కనబడవు. పెద్దలు ఎదురైతే గౌరవం మనసులో ఉందిలే అని ఊరుకుంటామా? రెండు చేతులూ జోడిస్తాం. అది నటన అని ఎవరంటారు? ఎదుటి మనిషికి తెలియాలని జోడిస్తాం. మెడ తిప్పడం ఆఫీసరు కోసమనుకుంది ఇన్నాళ్ళూ. గట్టు మీద నిలబడ్డ మనిషి కోసమన్నమాట!

మరి చెయ్యి ఊపితే ఎందుకు తప్పు? అది మాత్రం అప్పుడూ బోధపడలేదు. పోనీలే, ఇవాళ్టికి ఇది చాలనుకుంది.

మిగిలిన రోజులు ఆరిళ్ళకు వెళ్ళే దారిలో ఒక్కటే పని పెట్టుకుంది. రోడ్డు పక్క ఎవరు కనబడితే వాళ్ళకేసి ముఖం తిప్పి, మనసులో ఒక మాట అనుకునేది: ‘చూశానమ్మా.’ ‘చూశానయ్యా.’ చిత్రంగా, మనుషులకేసి తిప్పినప్పుడు చక్రం తలతో పాటు పోవడం మానేసింది. వట్టి మెడ తిప్పితే చేతులు కంగారుపడ్డాయి గాని, మనిషిని పలకరించడానికి తిప్పితే పడలేదు. తొలి రెండు రోజులు బండి కాస్త ఊగింది. ఆ తర్వాత ఊగలేదు.

తొమ్మిదో రోజు పదింపావుకు మళ్ళీ అదే పరీక్షాధికారి. గడ్డం నెరిసిన, మాట పొదుపు మనిషి. ఆమె ముఖం చూసి గుర్తుపట్టి, ఏదో అనబోయి మానుకుని, కాగితాలు బిగించిన అట్ట ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పోనివ్వండి.”

దేవుడా అనుకుని పోనిచ్చింది. మొదటి మలుపులో అతని కలం ఏదో రాసింది. అయినా ఎడమ గట్టు మీద సైకిలు పట్టుకున్న అమ్మాయికేసి తిరిగింది: చూశానమ్మా. బడి దగ్గర, మార్కెట్టు దగ్గర, వంతెన దిగేచోట, అందరినీ పలకరించింది. బస్టాపు దాటాక ఒక ముసలాయన చక్రాల సంచీతో దాటబోయి తటపటాయిస్తున్నాడు. ఆమె ఆపి ముఖం తిప్పింది. అలవాటు కొద్దీ చెయ్యి లేవబోయింది, బలవంతాన స్టీరింగుకు అదిమింది. ముసలాయన ఆమె కళ్ళలోకి చూశాడు. తర్వాత, తనంతట తాను రెండో వైపు కూడా చూసుకుని, ఒక మోటారు సైకిలును పోనిచ్చి, అప్పుడు దాటాడు.

ఆ మోటారు సైకిలును ఆమె కూడా అప్పుడే చూసింది. చెయ్యి ఊపి ఉంటే ముసలాయన ఆమె మాట నమ్మి నేరుగా దిగేవాడు.

ఆఫీసు ముందు బండి ఆపాక పరీక్షాధికారి చాలాసేపు రాశాడు.

“మూడు చిన్న తప్పులు. పాసయ్యారు.”

“నేనా?”

“ఇంకెవరున్నారండీ కార్లో?”

ఆమె నమ్మలేక అలాగే చూస్తూ కూర్చుంది. అతను తలుపు తీసి ఒక కాలు బయట పెట్టి, వెనక్కు తిరిగాడు. “పోయిన రెండుసార్లూ మీ పక్కన కూర్చుంటే నాకు నిద్ర ముంచుకొచ్చిందండీ. అంత హాయిగా నడిపారు. కాని ‘హాయిగా ఉంది’ అని రాయడానికి నా కాగితంలో గడి లేదు. ఇంటికెళ్ళి మా ఆవిడతో కూడా చెప్పాను, ఒక మంచి డ్రైవరును ఫెయిలు చేశానని.” దిగి వెళ్ళిపోయాడు.

కిటికీ దగ్గర కళ్ళద్దాల అమ్మాయి వేడివేడిగా అచ్చయిన కార్డు ఇచ్చింది. ఆమె కంటే ఆ అమ్మాయే ఎక్కువ సంబరపడింది. డ్రైవరమ్మ కార్డు కళ్ళకు అద్దుకుని, గడువు తేదీ చూసి, మళ్ళీ చూసింది.

“అమ్మాయ్, ఇది వచ్చే నెలకే అయిపోతుందని వేశారేమిటి?”

“వీసా ఎంతవరకుంటే అంతవరకేనండీ లైసెన్సు. ముప్పై రెండు రోజులు. వీసా పొడిగించుకున్నాక రండి, తేదీ మారుస్తాం.”

“మళ్ళీ పరీక్షా?”

“అయ్యో, లేదండీ. తేదీ ఒక్కటే.”

బయటకు వచ్చి భర్తకు ఫోను చేసింది. కుట్టు మిషను చప్పుడు ఆగింది.

“వచ్చిందండీ.”

“వచ్చిందా! ఎన్నేళ్ళకి?”

“ముప్పై రెండు రోజులకి.”

“లైసెన్సు ఇచ్చారా, అద్దెకిచ్చారా?”

“ఏమోనండీ. నా దగ్గరిప్పుడు రెండు లైసెన్సులున్నాయి, రెండూ ఒకే రోజున పోతాయి. నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.”

“ముందు ఆఫీసుకెళ్ళి ఆ ఉత్తరం రాయించుకో. తర్వాత ఇద్దరం కూర్చుని తీరిగ్గా నవ్వుదాం.”

ఆమె పనిచేసే ఆఫీసులో మేనేజరమ్మ భోజనానికి లేవబోతూ కార్డు చూసి మళ్ళీ కూర్చుంది. గడువు తేదీ గురించి ఏమీ అడగలేదు. నంబరు చూసి రాసుకుంది, ఉత్తరం టైపు చేసింది, సంతకం పెట్టింది, ముద్ర వేసింది. ముద్ర సరిగ్గా పడలేదని పక్కన ఇంకోటి వేసింది.

“వచ్చే ఏడాది కూడా ఆ ఆరిళ్ళూ నీవేగా?” అంది కవరు అందిస్తూ.

“నావేనండీ,” అంది డ్రైవరమ్మ. ఉత్తరంలో ఉన్న మాటల్లో సగం ఆమెకు అర్థం కాలేదు. కింద సంతకం మాత్రం రెండుసార్లు చూసుకుని, కవరును రెండు చేతులతో గుండెకు ఆనించుకుని, వీసా ఆఫీసు ఎన్నింటికి మూస్తారో అడగడానికి నోరు తెరిచింది.